మూడు పాలడబ్బాల దుమ్ము

గల్ఫ్ యుద్ధం మొదలైన వారంలోనే నన్ను బంగారం ఊరికి తోలేశారు. తోలేశారనే అంటాను, ఎందుకంటే నన్నెవరూ వెళ్తావా అని అడగలేదు. అప్పటికి నేను సౌదీలోని తాయిఫ్‌లో సర్కారు ఆసుపత్రిలో ఆడవాళ్ళ డాక్టరుని. దూరంగా ఎడారి లోపల సఫ్రా అనే గనుల ఊరొకటుంది. అక్కడి చిన్న దవాఖానాలో ఉండే ఈజిప్టు డాక్టరమ్మ సెలవు మీద వెళ్ళి, కువైట్ కబుర్లు విని, ఇక రానని చెప్పి పంపింది. "డాక్టర్ ఇంద్రజా, నీకు సంసారం లేదు కదా, రెండు నెలలు వెళ్ళిరా" అన్నాడు మా పెద్ద డాక్టరు. పెళ్ళికాని ఆడదాన్ని ఎక్కడికైనా పంపొచ్చని లోకమంతటికీ ఒకటే నమ్మకం. తెనాలిలోనూ అంతే, తాయిఫ్‌లోనూ అంతే.

పైకి మొహం ముడుచుకున్నానే గానీ లోపల నాకు సంబరంగానే ఉంది. బంగారం తవ్వే ఊరు ఎలా ఉంటుందో చూడాలని ఎవరికుండదు? దారి పొడుగునా ఏవేవో ఊహించుకున్నాను. తీరా చేరాక చూస్తే ఒకే ఒక వీధి, ఒక రొట్టెల కొట్టు, ఒక కిరాణా కొట్టు, మసీదు, పెట్రోలు బంకు, బంకు వెనకాల అట్టపెట్టెలు నములుతున్న మేకలు. వీధి చివర పసుప్పచ్చటి గుట్ట. ఆ రంగును బట్టే ఊరికి సఫ్రా అని పేరట. గుట్ట చుట్టూ ఇనుప కంచె. బంగారం మాట దేవుడెరుగు, ఆ ఊళ్ళో నాకు కొత్తిమీర కట్ట కూడా దొరకలేదు.

మర్నాడు పొద్దున దవాఖానా తలుపు తోసేసరికి ఒకాయన లోపల ఊడుస్తున్నాడు. మనిషి సన్నగా, పొడుగ్గా, ముప్పై ఏళ్ళవాడిలా ఉన్నాడు. ఊడ్చే తీరు మాత్రం నేను ఎన్నడూ చూడనిది. అందరూ లోపలి నుంచి గుమ్మం వైపు ఊడుస్తారు కదా, ఇతను గుమ్మం దగ్గర మొదలుపెట్టి లోపలికి ఊడ్చుకుంటూ వస్తున్నాడు. చీపురు నేలకు ఆనీ ఆననట్టు, దుమ్ము లేవకుండా, పసిపిల్లకు తల దువ్వినట్టు ఊడుస్తున్నాడు. చివరికి ఆ దుమ్మంతా ఒక కాగితం మీదికి తీసుకుని, వెలుతురులో అటూ ఇటూ వంచి చూసి, పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. రోగులు కూర్చునే గది దుమ్ము జేబులో వేసుకోవడమేమిటి? "బయటికి ఊడ్చి చెత్తబుట్టలో వెయ్యి" అని నాకొచ్చిన హిందీలో గట్టిగా కేకలేశాను. అతను తలూపి, అటు తిరిగి గొణుక్కున్నాడు.

"బయటికి ఊడిస్తే ఇంట్లో ఏం మిగుల్తాది? ఈయమ్మకు ఎవురు జెప్పాల."

"నాకే చెప్పు, వింటాను" అన్నాను తెలుగులో.

చీపురు చేతిలోంచి జారిపోయింది. మొహమంతా పళ్ళయ్యాయి. "తెలుగామెవా! మాది పొద్దుటూరు డాక్టరమ్మా. నా పేరు కాలేషా. తెలుగు మాట్లాడి ఎన్ని దినాలాయనో! ఈడ నాతో ఎవురూ మాట్లాడరు. పాకిస్తానోళ్ళేమో తురకోడివై ఉండి ఉర్దూ రాదా అని ఎగతాళి చేస్తాండారు. మేము దూదేకులోళ్ళం, మాకు ఉర్దూ యాడొస్తాది?"

ఆ రోజు రోగులు పెద్దగా లేరు. నాతో పాటే ఆ వారం కొత్తగా వచ్చిన నర్సు సురయ్యా టీ కాచింది. హైదరాబాదు మలక్‌పేట మనిషి. కాలేషా గుమ్మంలో గొంతుక్కూర్చుని టీ గ్లాసు పట్టుకుని తన కథ చెప్పుకొచ్చాడు. నేను అడుగుతూనే ఉన్నాను. ఎదుటివాళ్ళ సంగతులు తవ్వి తీయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

వాళ్ళ తాత కాలానికే దూది ఏకే పని పోయింది. పొద్దుటూరంటే బంగారు అంగళ్ళ ఊరు కదా. వాళ్ళమ్మ అమీరున్నీసా జలగడుగు పనిలోకి దిగింది. కంసాలి ఆకురాయి పెట్టి నగ రాస్తుంటే కంటికి ఆననంత రజను రాలుతుంది. అది నేల మీద, చాప మీద, బట్టల మీద, కాలవ నీళ్ళలో కలిసిపోతుంది. ఆ దుమ్మూ బురదా తెచ్చి, కాల్చి, నూరి, మరిగె అనే చెక్క తొట్టిలో నీళ్ళు పోసి కడిగి, పాదరసం పట్టించి, చివరికి ఇంత పూస తీస్తారు.

"కొట్టు ఊడ్చినందుకు వాళ్ళు కూలి ఎంత ఇస్తారు?" అన్నాను.

కాలేషా నా వైపు జాలిగా చూశాడు. "వాళ్ళు ఇచ్చేదేంది డాక్టరమ్మా? మాయమ్మే వాళ్ళకు ఇస్తాది, ఏడాదికింతని గుత్త. కొట్టు వాళ్ళది, నగ వాళ్ళది. దుమ్ము ఊడ్చినోళ్ళది. మేము చెత్త ఎత్తేవాళ్ళం కాదు, చెత్త కొనేవాళ్ళం."

ఎదురు డబ్బిచ్చి ఊడ్చేవాళ్ళుంటారని నాకు అప్పటివరకూ తెలియదు. సురయ్యా అయితే టీ గ్లాసు కింద పెట్టేసి, "అరె, మా ఇంటికి రమ్మను మేడం, నేనేం అడగ, ఫ్రీగానే ఊడ్వనిస్త" అంది.

"మరి నా దవాఖానా దుమ్ము నీకెందుకయ్యా? ఇక్కడ కంసాలి ఎవడున్నాడు?"

"గని మనుషులు వచ్చి కూచుంటారు గదా. బూట్ల నిండా గనే."

క్లీనర్ పనికని ఏజెంటు పంపిస్తే, దిగిన చోటు బంగారు గని అని తెలిసిన రోజు ఇతను ఏడ్చాడట సంతోషంతో. గని లాబొరేటరీ పక్కన రాళ్ళు పొడి చేసే షెడ్డొకటి ఉంది. ఆ షెడ్డూ, మా దవాఖానా ఇతని వంతు. రెండేళ్ళుగా ఊడ్చిన దుమ్ము పిడికెడు పిడికెడు దాచి పెడుతున్నాడు, ఇంటికి తీసుకెళ్ళి అమ్మ చేతికి ఇవ్వాలని. "సౌదీలో ఏం పని చేస్తాండావురా అని మాయమ్మ ఫోన్లో అడిగె. మన పనేమ్మా అంటి. ఆమెకు ఎంత సంబరమో" అన్నాడు.

నేను నవ్వేసి ఊరుకున్నాను. మనిషికో పిచ్చి ఉంటుంది, ఇతనికి దుమ్ము పిచ్చి అనుకున్నాను.

గని మేనేజరు రస్సెల్ అని ఒక ఆస్ట్రేలియా ఆయన. యాభై దాటిన మనిషి, ఎండకు మాడి మెడ ఇటుక రంగులోకి తిరిగింది. ఆయనకు చరిత్ర పిచ్చి. కొత్త డాక్టరు గుట్ట చూస్తానంటోందని తెలిసి, ఒక శుక్రవారం నన్నూ సురయ్యానీ కంపెనీ బండిలో తీసుకెళ్ళాడు. మంచినీళ్ళ క్యాను మొయ్యడానికి కాలేషా వెనకాల ఎక్కాడు.

గుట్ట ఎక్కుతుంటే నల్లటి గుండ్రాళ్ళు కనిపించాయి, మన తిరగలి రాళ్ళలాంటివి. మధ్యలో గుంట పడి నున్నగా అరిగి ఉన్నాయి. వెయ్యేళ్ళ కిందట ఇక్కడ గని తవ్వినవాళ్ళు ఆ రాళ్ళతోనే బంగారపు రాయిని నూరేవాళ్ళట. కూలిన గోడలు చూపించి, అవి వాళ్ళ ఇళ్ళన్నాడు రస్సెల్. నేను వంగి ఒక గోడ లోపలికి చూశాను. పొయ్యి పెట్టుకున్న మూల ఇంకా నల్లగానే ఉంది. ఆ ఇల్లాలు ఏం వండుకునేదో, నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకునేదో అడిగాను. "ఎవరికీ తెలియదు" అన్నాడు రస్సెల్. తెలియదంటే నాకు మనసొప్పదు. ఆ మూలనే చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

ఆ పాతవాళ్ళు నూరి పారేసిన రాతిపొడి కుప్పలుగా మిగిలిపోయింది. వందల ఏళ్ళు ఎవరూ తొంగి చూడలేదు. తర్వాత నలభైల్లో విదేశాల వాళ్ళు యంత్రాలతో వచ్చి, కొత్తగా తవ్వడానికి ముందు ఆ కుప్పల్నే కరిగించి బంగారం తీశారట. కొన్నేళ్ళు తీసి వాళ్ళూ వెళ్ళిపోయారు. వాళ్ళు వదిలిన బూడిద రంగు ఇసక దిబ్బలు గుట్ట కింద పరుచుకుని ఉన్నాయి. ఇప్పుడీ కంపెనీ ఆ దిబ్బల్ని కూడా మళ్ళీ మిల్లులో వేస్తోంది.

ఇదంతా నేను కాలేషాకి తెలుగులో చెప్పాను. అతను నీళ్ళ క్యాను కింద పెట్టి, దిబ్బల వైపు తిరిగాడు.

"అంటే ఈడ అందరూ మావోళ్ళే. ఒకరి దుమ్ము ఒకరు ఊడ్చుకుంటాండారు."

ఆ మాట రస్సెల్‌కి చెబితే పగలబడి నవ్వాడు. తర్వాత తన ఊరి సంగతి చెప్పాడు. ఆస్ట్రేలియాలో సముద్రం మొహం ఎరగని నడిమి ప్రాంతంలో అదీ గనుల ఊరేనట. అక్కడ దొరికేది బంగారం కాదు, ఓపల్ అనే రంగురాళ్ళు. ఎండలు తట్టుకోలేక జనం గుట్టల్ని తొలిచి లోపల ఇళ్ళు కట్టుకుంటారట. నేను ఆగలేదు. వంటింటి పొగ ఎటు పోతుంది, వానొస్తే ఎలా, పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు, నీళ్ళెక్కడివి అని అడుగుతూనే ఉన్నాను. నీళ్ళు లారీల్లో వచ్చేవట. పిల్లలు గనివాళ్ళు పారబోసిన మట్టి దిబ్బల మీదే ఆడుకునేవాళ్ళట. సాయంత్రం కాగానే తన తల్లి జల్లెడ తీసుకుని ఆ దిబ్బల మీదికి వెళ్ళేదని చెప్పాడు. "పారబోసిన మట్టిలో దొరికింది ఏరినవాళ్ళదే. మా ఊళ్ళో దాన్ని ఎవరూ కాదనరు" అన్నాడు. అది కూడా కాలేషాకి చెప్పాను. అతను రస్సెల్‌కి నమస్కారం పెట్టాడు, బంధువు కనిపించినట్టు.

ఇదంతా యుద్ధం నడుస్తుండగానే. రియాద్ మీద ఇరాక్ స్కడ్ క్షిపణులు పడుతున్నాయని రేడియోలో వినేవాళ్ళం. సఫ్రా మీద బాంబు వేసేంత తీరిక ఎవరికీ లేదు గానీ, గనిలో పేలుడు మందు ఉంటుంది కదా. అది ఎవరి చేతికీ చిక్కకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కంపెనీ సెక్యూరిటీ వాళ్ళు కూలీల క్యాంపులో మంచం మంచం వెతికారు. మందు దొరకలేదు. కాలేషా మంచం కింద మూడు పెద్ద పాలపొడి డబ్బాలు దొరికాయి, మూతల మీద గుడ్డ కట్టి, తాడు బిగించి. విప్పి చూస్తే నిండా రాతిపొడి.

బంగారు గనిలో, లాబొరేటరీ వైపు పనిచేసేవాడి మంచం కింద, గనిపొడి. ఇంకేం కావాలి?

ఒక్క పూటలో ఊరంతా పాకిపోయింది. దొంగతనం కింద పోలీసులకు అప్పగిస్తే జైలేనని కొందరు, చెయ్యి తీసేస్తారని కొందరు. సురయ్యా పరిగెత్తుకుంటూ వచ్చింది. "మేడం, ఆ పిలగాని చెయ్యి పోతదంట!" అంది. చీపురు పట్టుకున్న ఆ చెయ్యే కళ్ళ ముందు కదిలింది.

సాయంత్రం రస్సెల్ దగ్గర్నుంచి నాకు పిలుపొచ్చింది. పోలీసులకు కబురు పెట్టేముందు తను ఒకసారి విచారించుకుంటానన్నాడట. కాలేషాకి ఇంగ్లీషు రాదు, అరబ్బీ అంతంత మాత్రం, ఉర్దూ సంగతి సరే. సురయ్యా కాక తెలుగు వచ్చినదాన్ని ఆ ఊళ్ళో నేనొక్కదాన్నే. ఆ గదిలోకి రావడానికి ఆమె భయపడింది.

ఆఫీసు గదిలో రస్సెల్, పక్కన సెక్యూరిటీ అధికారి, సౌదీ ఆయన, పెద్దమనిషే. బల్ల మీద మూడు డబ్బాలు. గోడ దగ్గర కాలేషా. భయంతో బిగుసుకుపోయి ఉంటాడనుకుని వెళ్ళాను. వెళ్ళి చూద్దును కదా, మనిషి నిమ్మళంగా నిలబడి ఉన్నాడు. అతని చూపంతా డబ్బాల మూతలు సరిగ్గా పెట్టారా లేదా అన్నదాని మీదే ఉంది.

"ఇది ఎవరిదని అడుగు" అన్నాడు అధికారి.

అడిగాను. "నాదే" అన్నాడు కాలేషా. "ఊడ్చింది నేను గదా. ఇంగెవురిది?"

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. చెప్పి, పొద్దుటూరు వీధి సంగతి, గుత్త సంగతి, వాళ్ళమ్మ సంగతి అన్నీ చెప్పాను. అధికారి తల అడ్డంగా ఊపాడు. "ఇక్కడ నేల మీది దుమ్ము కూడా కంపెనీదే, డాక్టర్. మీ దేశం పద్ధతి ఇక్కడ చెల్లదు" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. అది నాకూ తెలుసు.

రస్సెల్ కాసేపు డబ్బాల వైపే చూశాడు. ఆయనకు వాళ్ళమ్మ జల్లెడ గుర్తొచ్చిందని నాకనిపించింది. నెమ్మదిగా అన్నాడు: "అతన్ని ఒక్క మాట చెప్పమనండి. ఇది చెత్త, పారెయ్యడం మర్చిపోయాను అని. చెత్తకు కేసేమిటి? ఇక్కడితో అయిపోతుంది." అధికారి కూడా అభ్యంతరం చెప్పలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయనకూ ఒక కూలీని పోలీసులకు అప్పగించాలని సరదా లేదు.

నాకు ప్రాణం లేచొచ్చింది. గబగబా తెలుగులో చెప్పాను. "చెత్త అని చెప్పు కాలేషా. అంతే. బతికిపోతావు."

"చెత్త కాదు గదమ్మా."

"కాదని నాకూ తెలుసు. అయినా చెప్పు."

"చెప్పను."

నాకు పిచ్చికోపం వచ్చింది. ఇద్దరు పెద్దమనుషుల ముందు గొంతు పెంచి తిట్టాను. "నీకేమైనా మతి పోయిందా? చెయ్యి తీసేస్తారంటున్నారు! ఒక్క అబద్ధం, ఒక్కటంటే ఒక్క మాట, దానికింత బెట్టా? మీ అమ్మ మొహం చూడాలని లేదా నీకు?"

అమ్మ అనగానే అతని కళ్ళు తడయ్యాయి. "మా నాయన పొయ్యినాంక మమ్మల్ని ఆ దుమ్ముతోనే సాకింది డాక్టరమ్మా. పాదరసం మందులో చేతులు పెట్టి పెట్టి ఆయమ్మ వేళ్ళకు చర్మం లేదు. బళ్ళో పిల్లోళ్ళు నన్ను చెత్తోడా, చెత్తోడా అనేవాళ్ళు. నేను ఆ మాట యాపొద్దూ ఒప్పుకోలే. ఇప్పుడు నా నోటితో చెత్త అంటే, మేము తిన్న కూడంతా చెత్తే అన్నట్టు గాదా?"

ఏం చెప్పాడని రస్సెల్ అడిగితే, ఒక్క ముక్క మార్చకుండా చెప్పాను. చివరికి రస్సెల్ అధికారితో ఏదో మాట్లాడి ఒక దారి తేల్చాడు. మూడు డబ్బాల్లోంచీ కొంచెం కొంచెం తీసి లాబొరేటరీలో మూసలో పెట్టి కరిగించి చూస్తారు. బంగారం తేలిందంటే పోలీసులకు కబురు పెట్టక తప్పదు. తేలకపోతే అది వట్టి మట్టి, మట్టికి కేసు లేదు. మర్నాడు మధ్యాహ్నానికి తెలుస్తుంది. అప్పటిదాకా కాలేషా గేటు దగ్గరి కాపలా గదిలో ఉండాలి.

మర్నాడు పొద్దున అన్నం, పప్పు పట్టుకుని కాపలా గదికి వెళ్ళాను. కాలేషా నన్ను చూసి గబుక్కున లేచాడు.

"ఎంత వస్తాదంటావు డాక్టరమ్మా?"

"ఏది?"

"బంగారు. రెండేండ్ల దుమ్ము గదా. కంది గింజంతైనా రాకపోతాదా?"

అప్పుడు నాకు అర్థమైంది, ఆ గది బయట నేను బంగారం లేదని రావాలని వేయి దేవుళ్ళకు మొక్కుకుంటుంటే, లోపల ఇతను ఉందని రావాలని దువా చేస్తున్నాడు. "వస్తే నీ గతి ఏమవుతుందో తెలుసా?" అన్నాను. తెలుసన్నట్టు తలూపాడు. "తెలుసు. అయినా లేదని మాత్రం రాగూడదు" అన్నాడు, అన్నం కలుపుతూ. అంత మొండివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. వాడి మీద కోపంతోనో జాలితోనో తెలియదు గానీ, దవాఖానాకి తిరిగి వెళ్తూ దారంతా ఏడ్చాను.

మధ్యాహ్నం రస్సెల్ తనే వచ్చాడు. మూసలో ఏమీ మిగల్లేదు. కాలేషా ఊడ్చే షెడ్డులో పొడి చేసేది, గుట్ట చుట్టుపక్కల ఎక్కడైనా బంగారం ఉందేమోనని తెచ్చే పరీక్ష రాళ్ళట. అందులో నూటికి తొంభైతొమ్మిది వట్టి బండలే. అసలు బంగారపు రాయి వేరే చోట, తాళాల వెనక పొడి చేస్తారు. ఆ గదుల్లోకి కాలేషాని ఎన్నడూ రానివ్వలేదు. కంసాలి కొట్టు దుమ్ములో బంగారం ఉంటుంది కాబట్టి, బంగారు గని దుమ్ములో ఇంకా ఎక్కువ ఉంటుందని లెక్కేసుకున్నాడు మనవాడు. పొద్దుటూరు వాడు తప్ప ఇంకెవరైనా అలా లెక్కేస్తారా!

"నువ్వు బతికిపోయావయ్యా!" అన్నాను కాపలా గది తలుపు తీయించి. నేను నవ్వుతున్నాను, సురయ్యా నవ్వుతోంది, చివరికి ఆ అధికారి కూడా నవ్వుతున్నాడు. కాలేషా మాత్రం గోడకు జారగిలబడి కూర్చుండిపోయాడు. ఇంట్లో మనిషి పోయినట్టుంది అతని మొహం.

"ఒక్క రవ్వ గూడా లేదా?"

"లేదు."

"వాళ్ళు గరిటెడు చూసినారు. మూడు డబ్బాలు చూడలే గదా" అన్నాడు. "మాయమ్మ చూస్తాదిలే."

రస్సెల్ ఆ డబ్బాలు మూతలు బిగించి, తాడు తనే కట్టి, అతని చేతికిచ్చాడు. షెడ్డు వైపు మళ్ళీ పోవద్దని మాత్రం చెప్పాడు. ఫిబ్రవరి చివర్లో యుద్ధం ముగిసింది. మార్చిలో నేను తాయిఫ్ వెళ్ళిపోయాను. ఆ ఏడాదే కాలేషా కాంట్రాక్టు అయిపోయింది. పాస్‌పోర్టు మీద ఖురూజ్, అంటే ఇక తిరిగి రాననే ముద్ర, కొట్టించుకుని, జెద్దాలో విమానం ఎక్కి ఊరెళ్ళిపోయాడని, మిగతావాళ్ళు టీవీలూ దుప్పట్లూ మోసుకెళ్తుంటే ఇతను మూడు పాలడబ్బాలు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడని సురయ్యా ఫోన్లో చెప్పింది.

మూడేళ్ళ తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు కడపలో నా స్నేహితురాలు ఊర్మిళ ఇంటికి వెళ్ళాను. పొద్దుటూరు అక్కడికి దగ్గరే అని తెలిశాక నన్ను ఆపడం ఎవరి తరం? బస్సు దిగి బంగారు అంగళ్ళ బజారులో అమీరమ్మ ఇల్లెక్కడని అడిగాను. ఒక కంసాలాయన పని ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"సఫ్రా కాలేషా వాళ్ళమ్మా?" అన్నాడు.

బజారు మలుపులో కాలేషాకి టీ కొట్టుంది. నన్ను చూసి అరిచిన అరుపుకి టీ తాగేవాళ్ళంతా లేచి నిలబడ్డారు. కొట్టు ఎవరికో అప్పగించి నన్ను ఇంటికి లాక్కుపోయాడు. రెండు గదుల ఇల్లు. వాకిట్లో గోడకు చేరేసిన మరిగె. అమీరమ్మ నా చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. ఆ వేళ్ళు గరుకుగా, అక్కడక్కడా తెల్లగా చర్మం లేచిపోయి ఉన్నాయి.

కూర్చున్నానో లేదో కాలేషా గూట్లోంచి ఒక చిన్న సీసా తెచ్చాడు, ఇంజక్షన్ మందు వచ్చే బుల్లి సీసా. లోపల ఆవగింజ కంటే కాస్త పెద్ద పూస మెరుస్తోంది.

"సఫ్రా బంగారు డాక్టరమ్మా. ల్యాబోళ్ళు లేదన్నారు గదా. మాయమ్మ తీసింది. బజారంతా చూసినారు. ఎంతమంది అడిగినా అమ్మలే."

నేను సీసా వెలుతురుకి పట్టి చూశాను. ఆ గుట్టంతా, ఆ మూసంతా, రస్సెల్ చెప్పిందంతా మెదడులో గిర్రున తిరిగింది. ఎక్కడి నుంచి వచ్చింది ఇది? "నీకు సోడా తెస్తా, ఉండు" అని కాలేషా వీధిలోకి పరిగెత్తాడు.

అప్పుడు చూశాను అమీరమ్మ మొహం వైపు. ముక్కుకు పుడక లేదు. పూడిపోకుండా రంధ్రంలో చీపురుపుల్ల ముక్క గుచ్చుకుని ఉంది.

నేను అడగలేదు. మొదటిసారి నా నోరు నన్ను అడగనివ్వలేదు. నా చూపు ఎక్కడుందో చూసి ఆమే చెప్పింది, గుమ్మం వైపు ఒక కన్ను వేసి.

"నాలుగు దినాలు కడిగినా తల్లీ. ఒట్టి బండమన్ను. మొదటి దినమే తెలిసె నాకు. వాడేమో కూడు గూడా తినకుండా వాకిట్లోనే కూచోని, వచ్చెనామ్మా, వచ్చెనామ్మా అంటాండె. వాని మొకం చూసి లేదని ఎట్ల జెప్పేది? రాత్రి వాడు నిద్రబోయినాంక పుడక తీసి, ఆకురాయి పెట్టి మరిగెలోకి రాల్చినా. నలభై ఏండ్లు కంసాలోళ్ళ రజను ఏరినా. నా రజను నేను ఏరుకునేది అదే మొదులు."

నాకు దుఃఖం ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని, "పుడక ఏదని అడగలేదా అతను?" అన్నాను.

"కడుగుతాంటే నీళ్ళల్లో జారిపాయరా అన్నా. ఇన్నేండ్లు ఈ పని జేసి నీ పుడకే పారేసుకుంటివా అని నవ్వె." ఆమె కూడా నవ్వింది.

కాలేషా గోలీసోడాలు పట్టుకుని వచ్చాడు. ఒకటి కొట్టి నా చేతికిచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు, దవాఖానా గుమ్మంలో కూర్చున్నట్టే.

"నువ్వు ఆడ ఉన్నదానివి, నీకన్నీ తెలుసు. నిజం జెప్పు డాక్టరమ్మా. ల్యాబోళ్ళు తప్పు చెప్పినారు గదా?"

ఒక్క అబద్ధం, ఒక్కటంటే ఒక్క మాట అని ఆ రోజు ఇతని మీద అరిచిన అరుపు నాకు గుర్తొచ్చింది. అతని వెనక అమీరమ్మ నా వైపే చూస్తోంది.

"తప్పే చెప్పారు కాలేషా" అన్నాను.

అతను సీసా జాగ్రత్తగా గూట్లో పెట్టాడు. అమీరమ్మ లేచి చీపురు తీసుకుని, గుమ్మం దగ్గర మొదలుపెట్టి లోపలికి ఊడ్చుకుంటూ వచ్చింది.